మీకు తెలుసా? పల్నాట ఆకులు రంగు మారేది శివరాత్రి రోజుల్లో

పల్నాడులో ఆకులు రంగు తిరిగేది అక్టోబరులో కాదు, శివరాత్రికి కాస్త ముందూ వెనకా. చలిదేశాల్లో పగటిపొద్దు కుదించుకుపోయి, చలి ముదిరేసరికి చెట్లు ఆకు రాలుస్తాయి. ఇక్కడ ముఖ్య కారణం నీటి ఎద్దడి. వానలు వెనక్కి తగ్గి నేల ఎండేకొద్దీ, ఒంట్లోని తడి ఆకుల గుండా ఆరిపోకుండా చెట్టు వాటిని వదిలించుకుంటుంది. పత్రహరితం విరిగిపోగానే దాని మాటున ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం అప్పటికప్పుడు తయారయ్యే ఆంథోసయనిన్ అనే రంగు పదార్థానిది.

నరసరావుపేట లాంటి పట్టణంలో ఇదంతా చూడటానికి ఒక నాటు బాదంచెట్టు చాలు. రాలిన ఆకును చేతిలోకి తీసుకుంటే, అరచేతికన్నా పెద్దదైన ఆ ఒక్క ఆకులోనే ఎరుపు, పసుపు, అక్కడక్కడ మిగిలిన పచ్చదనం కనిపిస్తాయి. రావి, వేప ఆకు రాల్చి, ఉగాది నాటికి రాగిరంగు చిగురు తొడుగుతాయి. నిజానికి రాలే ఆకుకన్నా ఈ చిగురే అందం.

అసలు వేడుక మాచర్ల వైపు, నల్లమల అంచుల్లో. చుట్టూ చెట్లు మోడుబారిన వేళ మోదుగ ఒంటినిండా నారింజ ఎరుపు పూలతో కనిపిస్తుంది. చంద్రవంక వాగు మీది ఎత్తిపోతల జలపాతం, ఇటు నరసరావుపేట దగ్గర శివరాత్రి తిరునాళ్లకు ప్రభలు కదిలే కోటప్పకొండ కూడా ఈ రోజుల్లో చూడదగ్గవే. ఎండుటాకులకు నిప్పు ఇట్టే అంటుకుంటుంది కనుక, అడవి దారిలో బీడీ, అగ్గిపుల్ల వెలిగించవద్దు.