ఎపాక్సీ నేలపై పైపూతకు ముందు: మొదట కడగాలి, తరువాతే రుద్దాలి

కోవిల్‌పట్టిలోగానీ విరుదునగర్‌లోగానీ దుకాణానికో గిడ్డంగికో ఎపాక్సీ నేల వేయించుకునేవారు, ఆ పని చేసేవారు గమనించవలసిన విషయమిది. ఎపాక్సీ గట్టిదే గాని ఎండకు పసుపుబారుతుంది, క్రమంగా సుద్దలా రాలుతుంది. అందుకే ఎండ తగిలే చోట దానిపై పాలీయురేథేన్ పైపూత వేస్తారు. ఆ పైపూత కొద్ది నెలలకే పొరలుగా ఊడితే, దోషం చాలాసార్లు దాని కింద జరగవలసిన పనిలోనే ఉంటుంది.

ఎపాక్సీలో కలిపే హార్డెనర్‌లోని అమీన్లు గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి ఉపరితలంపై మైనం వంటి పలుచని పొరను ఏర్పరచవచ్చు. ఈశాన్య రుతుపవనాలు వచ్చే అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈ బెడద అధికం. కంటికి కనబడకపోయినా వేలికి జిడ్డుగా తగులుతుంది. కడగకుండా రుద్దితే అది పోదు సరికదా, గీతల్లోకి దిగుతుంది. థిన్నరుతో తుడిస్తే పక్కకు పులిమినట్లవుతుంది. అది నీటిలో కరిగే పదార్థం కనుక గోరువెచ్చని నీటితో, గరుకు స్క్రబ్బరుతో రుద్ది, నీరు ఆరకముందే శుభ్రమైన బట్టతో తీసివేయాలి.

తరువాత ఉప్పుకాగితం. (ఇక్కడి దుకాణాల్లో ‘ఉప్పుత్తాళ్’ అని అడిగితే ఇస్తారు, పేరులో ఉప్పు రెండు భాషల్లోనూ ఉంది.) ఎత్తుపల్లాలకు 80 నంబరు, తుది రుద్దుకు 120 లేదా అంతకంటే మెత్తనిది సాధారణంగా సరిపోతుంది, పైపూత డబ్బాపై వేరే సంఖ్య ఉంటే దానినే పాటించాలి. తెల్లని పొడి రాలుతుంటే ఎపాక్సీ గట్టిపడినట్లు. కాగితానికి జిగురులా అంటుకుంటుంటే ఇంకా ఆగాలి. నేలంతా ఒకేలా మసకబారాలి. మెరిసే మచ్చ మిగిలితే అక్కడ పైపూతకు పట్టు దొరకదు. పొడి తీసి, కొంచెం నీరు చల్లి చూడండి. పలుచగా పరచుకుంటే మంచిదే, ముత్యాల్లా నిలిస్తే మళ్లీ కడగాలి. పూర్తిగా ఆరిన తరువాత అదే రోజు పైపూత వేయడం మేలు.

ఈ పొడిని తేలికగా తీసుకోరాదు, ముఖ్యంగా ఎపాక్సీ పూర్తిగా గట్టిపడనప్పుడు. దానివల్ల చర్మానికి అలర్జీ ఒకసారి మొదలైతే, ఆపై కొద్దిగా తగిలినా దద్దుర్లు లేస్తాయి. అలా ఈ వృత్తినే వదులుకోవలసి వచ్చినవారు ఉన్నారు. ఎన్95 మాస్కు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. చేతులను థిన్నరుతో కాక సబ్బు నీటితో కడుక్కోవాలి. అగ్గిపెట్టెల పరిశ్రమ ఉన్న ఊళ్లు గనుక మరొక మాట: రాపిడికే అంటుకునే మందులున్న గదిలో రుద్దుడు యంత్రం నడపరాదు. పొడిని కాలువలో పారబోయక సంచిలో కట్టి ఉంచండి.