గోనెసంచిలో పిల్లి... మళ్లీ అటక మీదికే!

గోనెసంచిలో వేసి మూతి కడతారు. సైకిలు వెనక పెట్టుకుని కాలువ దాటించి, పొరుగూరి పొలిమేరలో వదిలేసి వచ్చేస్తారు. నాలుగు రోజులు తిరక్కముందే అటక మీద 'మ్యావ్'! పల్లెటూళ్లలో పిల్లుల బెడదకు తరతరాలుగా తెలిసిన మందు ఇదే. పనిచేయని మందూ ఇదే.

దారి గుర్తుపట్టి వచ్చేవి కొన్ని. రానివి పొరుగూరి వాళ్ల పాలగిన్నెల మీద పడతాయి... వాళ్ల దగ్గరా గోనెసంచులుంటాయి మరి! పోనీ, పిల్లి నిజంగానే పోయిందనుకుందాం. చికెన్ కొట్టు వెనక పారేసిన చెత్త, ఎండుచేపల వాసన, ధాన్యపు గదిలో ఎలుకలు అలాగే ఉన్నాయిగా. ఖాళీ అయిన ఆ చోటును ఇంకో పిల్లి ఆక్రమిస్తుంది.

దీనికి తోడు వాటి సంతానం. ఆడపిల్లి అయిదారు నెలలకే ఎదకొస్తుంది. తొమ్మిది వారాలు మోసి, ఈతకు మూడు నుంచి అయిదు పిల్లల్ని పెడుతుంది. అవి పాలు మానకముందే మళ్లీ కడుపుతో ఉండొచ్చు. ఏడాదికి రెండు మూడు ఈతలు మామూలే. పుట్టిన వాటిలో చాలా పిల్లలు రోగాలతో, కుక్కల నోట పడి చచ్చిపోతాయి కాబట్టి సరిపోయింది. అడ్డేమీ లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి దక్షిణాఫ్రికాకు చెందిన మారియన్ దీవి ఉంది. అక్కడి వాతావరణ కేంద్రంలో చిట్టెలుకలు ఎక్కువయ్యాయని 1949లో అయిదు పిల్లుల్ని తెచ్చి వదిలారు. 1977 నాటికి వాటి సంఖ్య దాదాపు 3,400! ఏటా లక్షల సముద్రపక్షుల్ని తినేశాయి. వాటిని పూర్తిగా తొలగించేసరికి 1991 వచ్చింది.

మన ఊళ్లలో విసిగిపోయినవాళ్లు కొందరు అన్నం ముద్దలో మందు కలిపి పెడతారు. అది పిల్లి ఒక్కటే తింటుందని నమ్మకమేంటి? పక్కింటి కోడి తినొచ్చు, కాపలా కుక్క తినొచ్చు. పాకే పిల్లాడి చేతికీ అందొచ్చు. పైగా అది నేరం. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఎలాగూ ఉంది. 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షన్ ప్రకారం జంతువును చంపితే అయిదేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. చేలో ఎలుకలకు పెట్టిన మందుతోనూ చిక్కే. ఆ ఎలుకను తిన్న పిల్లీ చావొచ్చు.

మరేం చేయాలి?

పట్టుకోవడం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబిస్ టీకా, మళ్లీ పట్టుకున్న చోటే వదలడం... చాలా దేశాల్లో పాటిస్తున్న పద్ధతి ఇది. జపాన్‌లోని అవోషిమా అనే చిన్న దీవి మత్స్యకారుల పల్లె. పడవల్లో ఎలుకల కోసం తెచ్చిన పిల్లులు పెరిగిపోయి, మనుషులు పదిమందికి కాస్త అటూఇటూగా మిగిలితే అవి రెండు వందలు దాటాయి. 2018లో అక్కడి పిల్లులకు మూకుమ్మడిగా ఆపరేషన్లు చేశారు. ఆ తర్వాత వాటి సంఖ్య తగ్గుతూ వచ్చింది. రాత్రికి రాత్రి జరిగే పని మాత్రం కాదిది, ఏళ్లు పడుతుంది.

ఇక్కడే ఊరు ఒక పొరపాటు చేస్తుంటుంది. ప్రతి వీధిలో పిల్లులకు ఇంత అన్నం పెట్టే అవ్వ ఒకరుంటారు. "నీ వల్లే ఇన్ని పోగయ్యాయి" అని చుట్టుపక్కల వాళ్లు ఆమె మీద విరుచుకుపడతారు. కానీ ఏ పిల్లి కడుపుతో ఉందో, ఏది ఎప్పుడొస్తుందో తెలిసింది ఆమెకే. రోజూ ఒకే వేళకు, ఒకే చోట పెట్టించి, నాలుగు రోజులయ్యాక ఆ కంచాన్ని బోనులోకి జరిపితే పని సగం అయినట్టే. పిల్లి పడగానే బోను మీద దుప్పటి కప్పాలి, చీకటైతే శాంతిస్తుంది. ఒట్టి చేతులతో పట్టుకోవద్దు. కరిచినా, గీరినా పుండును సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా గురించి అడగాలి. పసుపు అద్దుకుని కూర్చుంటే లాభం లేదు.

ఈ ఆపరేషన్ ప్రతి ఊరి పశువైద్యశాలలోనూ జరగదు. ముందే అడిగి రోజు ఖాయం చేసుకోవాలి. కుదరకపోతే తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ లాంటి చోట్ల పశువైద్య కళాశాలలున్నాయి. నాలుగైదు ఇళ్లవాళ్లు కలిస్తే బండి కిరాయి భారమవదు. ముందు ఆడపిల్లుల్ని తీసుకెళ్లడం మేలు. నొప్పికని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్ర మాత్రం వేయొద్దు, పిల్లికది విషం. గిన్నెడు పాలు పోయడమూ మంచిది కాదు, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు.

అలాగే బోనులో పడిన ప్రతిదీ ఊరపిల్లి కాదు. పొడవాటి కాళ్లు, పొట్టి తోక, దాని చివర నల్లటి కట్లు కనిపిస్తే అది చెరువు గట్ల మీద తిరిగే అడవిపిల్లి కావొచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పిస్తోంది. అటవీశాఖకు కబురు చేయడమే మార్గం.

ఈలోగా కోడిపిల్లల గంప మీద బరువు పెట్టడం, చికెన్ కొట్టు చెత్తను పూడ్చిపెట్టించడం ఎవరైనా చేయగలిగినవే. ఆపరేషన్ చేసేటప్పుడు మత్తులో ఉండగానే డాక్టరు ఎడమ చెవి కొసను కాస్త కత్తిరిస్తారు. మళ్లీ అదే పిల్లిని పట్టుకుపోకుండా అదో గుర్తు. వదిలిన రోజు ఒక్క గెంతులో పాక మీదికెక్కి మాయమవుతుంది. రెండు మూడు రోజులు జాడ ఉండదు. తర్వాత ఆకలేసి, చెవి కొస లేకుండా, అవ్వ అన్నం పెట్టే వేళకు గోడ మీద కనిపిస్తుంది.