కాగితము కలెక్టరుగారిది, తలుపు ఎవరిది?

రైలు స్టేషనులో స్త్రీల విశ్రాంతి గది, పెద్దాసుపత్రిలో స్త్రీల వార్డు, కళాశాలలో విద్యార్థినుల వసతి గృహము - ఈ మూడింటి గుమ్మముల మీదా గుర్తు ఒకటే. దానిని చూచి లోపలికి పోవుటకు మనలో చాలామందికి క్షణమైనా ఆలోచన పట్టదు. ఆ గుర్తు దగ్గర ఆగి, అటూ ఇటూ చూచి, ఎవరూ లేనప్పుడు లోపలికి పోయేవారును, పోలేక ఇంటికి చేరేదాకా ఓర్చుకొనేవారును కూడ మన మధ్యనే ఉన్నారు. తమిళనాట వారిని తిరునంగై అని గౌరవముగా పిలుస్తున్నారు. కన్నడసీమలో జోగప్పలున్నారు. మన తెలుగువారు హిజ్రా అనుటకు అలవాటు పడినారు. అంతకంటె మోటుమాటలు మన నోట లేకపోలేదు గాని, అవి ఈ పత్రికలో అచ్చుకు తగవు.

వీరి పేర్లు ప్రభుత్వపు పుస్తకములోనికి ఎక్కుట కొత్త సంగతి కాదు. 1871లో దొరలు చేసిన నేరజాతుల చట్టములోనే వీరి పట్టీ వ్రాసి ఉంచుటకు ఒక భాగము కేటాయించినారు. నిజాము రాజ్యములో 1329 ఫసలీలో, అనగా 1919 ప్రాంతమున, అట్టిదే మరొకటి వచ్చినది. ఆ పట్టీలో పేరున్నవారు ఆడవేషముతో వీధిలో కనబడితే వారంటు లేకుండానే పట్టుకొనవచ్చునట! తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టివేసేదాకా ఆ చట్టము పుస్తకములలో బ్రతికే ఉన్నది. ఆనాటి కాగితము పట్టుకొనుటకు, ఈనాటి కాగితము గుర్తించుటకు. మరి గుర్తించిన తరువాత తలుపు తెరుచుకొన్నదా అన్నదే మా ప్రశ్న.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు కె. ఎస్. రాధాకృష్ణన్, ఎ. కె. సిక్రీగారలు ఒక పెద్ద తీర్పు ఇచ్చినారు. తాను స్త్రీయో, పురుషుడో, మూడవ వర్గమో చెప్పుకొనే హక్కు ఆ మనిషిదేననియు, శస్త్రచికిత్స చేయించుకొంటేనే గాని గుర్తించమనుట చట్టవిరుద్ధమనియు అందులో ఉన్నది. వీరికి ప్రత్యేకముగా మరుగుదొడ్లు ఏర్పాటు చేయవలెననికూడ అదే తీర్పులో ఉన్నది. ‘నీవు స్త్రీవనుకొంటే స్త్రీవే’ అని ఒక చేత చెప్పి, ‘నీ గది మాత్రము అటు’ అని రెండవ చేత చూపినట్లు మాకు తోచినది.

పార్లమెంటు 2019లో చేసిన చట్టము 2020 జనవరి 10న అమలుకు వచ్చినది. అది ఏర్పాటు చేసిన కాగితములు రెండు. జిల్లా మేజిస్ట్రేటుకు, మన వాడుకలో కలెక్టరుగారికి, అర్జీ పెట్టుకొంటే ఇచ్చేది మొదటిది. అందులో ‘ట్రాన్స్‌జెండర్’ అని వ్రాసి ఉండును. వైద్యము చేయించుకొని, ఆసుపత్రి ముఖ్యాధికారి ధ్రువపత్రముతో మరల పోతే స్త్రీ అనో పురుషుడనో రెండవది ఇయ్యవలెనన్నారు. చిక్కంతా ఇక్కడనే ఉన్నది. మొదటి కాగితము మీద ఉన్నది మూడవ మాట. గుమ్మముల మీద ఉన్న గుర్తులు రెండే! అందరికీ ఉన్న సదుపాయములు వీరికి నిరాకరింపరాదన్న ఆ చట్టము, ఏ గుర్తు వైపు పోవలెనో చెప్పలేదు. ఇక తీర్పు చెప్పేవారు ఎవరు? కాపలావాడు, ఆయా, వార్డెను.

పై అధికారులు ముందే వ్రాసిపెట్టినచోట తీరు వేరు. 2017 ఏప్రిల్‌లో కేంద్ర పారిశుధ్య శాఖ, పబ్లిక్ మరుగుదొడ్లలో స్త్రీలదో పురుషులదో వారికి ఇష్టమైనది వాడుకొననియ్యవలెనని మార్గదర్శక సూత్రములలో చేర్చినది. 2022 జనవరిలో హోంశాఖ రాష్ట్రములకు వ్రాస్తూ, జైళ్ళలో వీరికి ప్రత్యేక ఆవరణ ఉండవలెననియు, అది ఏకాంతవాసము కారాదనియు హెచ్చరించినది. ఉచిత బస్సు ప్రయాణమునకు తమిళనాడు 2021లోను, కర్ణాటక, తెలంగాణ 2023లోను, ఆంధ్రప్రదేశ్ 2025లోను స్త్రీలతో పాటు వీరినికూడ పేర్కొన్నవి. కండక్టరు ముఖము చూచి ఊహించవలసిన పని తప్పినది.

వ్రాసి లేనిచోట కోర్టే గతి. తిరువనంతపురములో ఒక విద్యార్థిని ఎన్.సి.సి. బాలికల విభాగములో చేరబోతే, చట్టములో బాలురు, బాలికలు అని రెండే మాటలున్నవని తిప్పి పంపినారు. ఆమె శస్త్రచికిత్స చేయించుకొన్నది, గుర్తింపు కార్డు ఉన్నది. 2021 మార్చిలో కేరళ హైకోర్టు ఆమె వాదమునే అంగీకరించినది. అయితే శస్త్రచికిత్సకు డబ్బు లేనివారి సంగతి?

ఇంతవరకు ఒక వైపే చెప్పినాము. స్త్రీలకు ప్రత్యేక స్థలములు ఊరికే వచ్చినవి కావు. బాలింత బిడ్డకు పాలిచ్చుకొనే వార్డు, పల్లె నుండి మొదటిసారి బస్తీకి వచ్చిన పిల్ల పడుకొనే గది - వాటికి గోడలు కట్టించుటకు మన అమ్మమ్మల కాలము నుండి అడిగి అడిగి తెచ్చుకొన్నారు. లోపలికి వచ్చేదెవరని వారడిగితే అది ద్వేషము కాదు. అడిగే హక్కు వారికున్నది.

మన పాత చట్టములను వ్రాసిన బ్రిటనుకూడ ఈ చిక్కులోనే పడినది. అక్కడ 2004 చట్టము క్రింద ధ్రువపత్రము పొందినవారు అన్ని పనులకూ కొత్త లింగమువారే అన్నారు. 2010లో వచ్చిన సమానత్వ చట్టములో ‘స్త్రీ’ అనగా ఎవరన్న తగవు స్కాట్లండులో పుట్టి సుప్రీంకోర్టుకు ఎక్కినది. 2025 ఏప్రిల్ 16న అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా, ఆ చట్టములో ఆ మాట పుట్టుకను బట్టియేననియు, ధ్రువపత్రము దానిని మార్చదనియు తేల్చినారు. లింగము మార్చుకొన్నవారికి వివక్ష నుండి రక్షణ మాత్రము పోలేదన్నారు. స్త్రీల వైపు మాట స్పష్టమైనది సరే. ఇరవై ఏండ్లుగా ఆ పత్రము పట్టుకొన్నవారు రేపు ఏ తలుపు తట్టవలెను?

మన 2020 నిబంధనలలో ఆసుపత్రులలో ప్రత్యేక వార్డులు, సంస్థలలో మరుగుదొడ్లు రెండేండ్లలో ఏర్పాటు చేయవలెనని ఉన్నది. ఆ గడువు 2022లోనే ముగిసినది. మీ ఊరి పెద్దాసుపత్రిలో అట్టి వార్డు ఉన్నదో లేదో పాఠకులే పోయి చూడవచ్చును.

కల్యాణమండపములు, విద్యార్థినుల వసతి గృహములు నడిపే సంఘములు మనలోనూ ఉన్నవి. గుమ్మము దగ్గర మనిషి నిలుచున్నాక కమిటీ కూర్చుండుట కంటె, ముందే నియమము వ్రాసుకొని గోడకు తగిలించుట మేలని మా అభిప్రాయము. వసతి గృహమునకు విద్యార్థినులనే అడిగి వ్రాయవలెను. మండపమునకు అంత చర్చయు అక్కరలేదు. కొత్త ప్లాను గీయించేవారు రెండు వరుసలతో పాటు, నేల నుండి పైకప్పుదాకా గోడలు, లోపల గడియ, సొంత కుళాయి గల విడిగది ఒకటి వేయించిన చాలును. చక్రాల కుర్చీలో వచ్చే తాతగారికీ, ఆయనను పట్టుకొని వచ్చే మనుమరాలికీ కూడ అదే పనికివచ్చును.