ఫిట్స్‌కి యాంటీ ఆక్సిడెంట్లు: ఆశ ఎంత, జాగ్రత్త ఎంత?

మేం కువైట్ సిటీకి వచ్చిన రెండో ఏడాది, ఒక శుక్రవారం పొద్దున్న ఇడ్లీ తింటూ తింటూనే మా అమ్మాయి కిందపడి కాళ్లూ చేతులూ కొట్టుకుంది. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. పక్క ఫ్లాటావిడ పరుగున వచ్చి చేతిలో తాళాలగుత్తి పెట్టింది. మన ఊళ్లలో అందరూ చేసేది అదే కదా! ఫిట్స్ ఆగింది తాళాల వల్ల కాదని, దానంతటదే ఆగిందని ఆసుపత్రిలో చెప్పారు.

అప్పటి నుంచీ రెండు పూటలా మాత్రలే. ఈమధ్య మా ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, ఫిట్స్‌కి యాంటీ ఆక్సిడెంట్ మందులొచ్చాయట. ఆ మాత్రలు మాన్పించెయ్యి" అంది. నిజం చెప్పొద్దూ, ఆశపడ్డాను. పిల్ల మగతగా తిరుగుతుంటే ఏ తల్లికి బాగుంటుంది? క్యాప్సూల్స్ సీసా కూడా తెప్పించాను. మూత తీసేముందు మాత్రం డాక్టరుగారిని అడిగాను, నేనూ కాస్త చదివాను.

మా ఆడపడుచు చెప్పినదాంట్లో కొంత నిజముంది. ఫిట్స్ వచ్చినప్పుడు మెదడు కణాలు మితిమీరి పనిచేస్తాయి. అప్పుడు ఫ్రీ రాడికల్స్ ఎక్కువగా పుడతాయి. గ్లూటాథయోన్ లాంటి మన ఒంట్లోని రక్షణ వాటిని అణచలేకపోతే కణాలు దెబ్బతింటాయి, కొన్ని చనిపోతాయి. ఇటలీలో మిలాన్‌లోని మారియో నెగ్రి సంస్థ పరిశోధకులు ఎలుకలకు ఎన్-ఎసిటైల్ సిస్టీన్, సల్ఫోరాఫేన్ కలిపి ఇచ్చి చూశారు. మొదటిది పారాసిటమాల్ మోతాదు మించినప్పుడు విరుగుడుగా వాడే మందు. రెండోది బ్రకోలీ మొలకల నుంచి వచ్చే పదార్థం. ఎలుకల్లో ఫిట్స్ తగ్గాయి, మెదడు కణాల నష్టమూ తగ్గింది. ఇదే దారిలో పనిచేసే ఒమావెలాక్సొలోన్‌కు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ అది ఫ్రీడ్రిక్ అటాక్సియా అనే వేరే నరాల జబ్బుకు, మూర్ఛకు కాదు.

"ఎలుకల్లో పనిచేసినవన్నీ మనుషుల్లో పనిచెయ్యవమ్మా. మాత్ర హఠాత్తుగా మానేస్తే ఆగకుండా ఫిట్స్ రావచ్చు" అన్నారు డాక్టరుగారు. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ ఉందని, సరైన వైద్యం అందితే వారిలో 70 శాతం మంది వరకూ ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఉన్న మందుల విలువ అది. మగత సంగతి చెబితే మోతాదు సర్దారు. ఇప్పుడు పిల్ల హుషారుగానే ఉంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ వస్తే పక్కకు ఒత్తిగించి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. 5 నిమిషాలు దాటితే ఇక్కడ 112కి ఫోన్ చెయ్యండి. వాల్‌ప్రొయేట్ వాడే ఆడవాళ్లు గర్భం అనుకోకముందే డాక్టరుతో మాట్లాడాలి. అది బిడ్డకు హాని చేయవచ్చు. అలాగని సొంతంగా మానెయ్యకూడదు. సెలవులకు ఊరెళ్లేటప్పుడు మందుల చీటీ దగ్గరుంచుకోండి. రెండున్నర గంటల తేడా ఉంది కాబట్టి మాత్ర వేళ ముందే అడిగి పెట్టుకోండి.

ఆ సీసా మా అల్మారాలో సీలు తియ్యకుండానే ఉంది. మందు నిజంగా వచ్చిన రోజున డాక్టరుగారే రాసిస్తారు. అప్పటిదాకా రాత్రి ఎనిమిదికి మా ఇంట్లో అలారం మోగుతూనే ఉంటుంది.