సర్వైకల్ క్యాన్సర్: నమూనా ఇంట్లోనే తీసుకునే పరీక్ష అనంతగిరి కొండలకు చేరితే ఏం మారుతుంది?

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే ఘాట్ రోడ్డులో కాఫీ తోటల దగ్గర ఎప్పుడైనా ఆగారా? మీరు ఆగింది అనంతగిరి మండలంలోనే అయ్యుంటుంది. బొర్రా గుహలు ఉన్నదీ ఈ మండలంలోనే. ఇప్పుడిది అల్లూరి సీతారామరాజు జిల్లాలో భాగం. పర్యాటకులకు కనిపించే రోడ్డుకు దూరంగా, కొండల మీద చెదురుమదురుగా గిరిజన గూడేలున్నాయి. కొన్నింటికి వాహనం వెళ్లే దారి లేదు. గర్భిణిని డోలీలో మోసుకొచ్చారన్న వార్తలు ఇక్కడి నుంచి మీరు చదివే ఉంటారు.

నొప్పులు వస్తున్న గర్భిణికే దారి ఇంత కష్టమైతే, ఒంట్లో ఏ బాధా లేని 35 ఏళ్ల మహిళ ముందుజాగ్రత్త పరీక్ష కోసం ఒక రోజు కూలి వదులుకుని ఆసుపత్రికి వస్తుందా? సర్వైకల్ క్యాన్సర్, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ విషయంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ జబ్బును ఏ బాధా లేనప్పుడే పట్టుకోవాలి.

మహిళ తన నమూనా తనే తీసుకునే హెచ్‌పీవీ పరీక్ష ఈ చిక్కులో సగం విప్పగలదు. మిగతా సగం మాటేమిటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఈ క్యాన్సర్ ఎందుకు వస్తుంది?

సర్వైకల్ క్యాన్సర్ కేసుల్లో దాదాపు అన్నింటికీ కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ. లైంగిక సంబంధం ద్వారా సోకే ఈ వైరస్ చాలా సాధారణం. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఎక్కువ మందికి సోకుతుంది. చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది.

కొద్దిమందిలో మాత్రం ప్రమాదకరమైన రకాలు శరీరంలో ఉండిపోయి, గర్భాశయ ముఖద్వారం కణాల్లో నెమ్మదిగా మార్పులు తెస్తాయి. అవి క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీ వంటి కారణాలతో రోగనిరోధక శక్తి తగ్గినవారిలో ఇంకా త్వరగా రావచ్చు.

ఇంత గడువు ఇచ్చే క్యాన్సర్లు అరుదు. ఆ గడువులో ఒక్కసారి సరైన పరీక్ష చేసి, మార్పు కనిపించిన చోట చికిత్స చేస్తే క్యాన్సర్ రాకుండానే ఆపొచ్చు. అయినా 2022 గ్లోబోకాన్ అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలోనే మన దేశంలో 1.27 లక్షల మందికి పైగా కొత్తగా ఈ జబ్బు బారిన పడ్డారు. దాదాపు 80 వేల మంది చనిపోయారు.

ఇప్పుడు పరీక్ష ఎలా చేస్తున్నారు?

2016 జాతీయ మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు ఐదేళ్లకోసారి 'వీఐఏ' పరీక్ష చేయాలి. స్పెక్యులమ్ అనే పరికరంతో లోపలి భాగాన్ని తెరిచి, గర్భాశయ ముఖద్వారంపై పలచని ఎసిటిక్ ఆమ్లం రాస్తారు. నిమిషంలో తెల్లటి మచ్చ కనిపిస్తే అనుమానించి పైఆసుపత్రికి పంపుతారు. ఖర్చు తక్కువ, ఫలితం వెంటనే తెలుస్తుంది. కానీ చూసేవారి అనుభవాన్ని బట్టి ఫలితం మారిపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరులో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వెళ్లి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లపై సర్వే మొదలుపెట్టారు. నోటిని ఇంటి దగ్గరే చూడొచ్చు. ఇక్కడ మాత్రం ఆశా, ఏఎన్‌ఎం ఇంట్లో ప్రశ్నలు అడగగలరే గానీ, వీఐఏకు బల్ల, వెలుతురు, చాటు ఉన్న గది, శిక్షణ పొందిన నర్సు కావాలి. అంటే మహిళే కొండ దిగి రావాలి.

రావడానికి దూరం ఒక్కటే అడ్డు కాదు. పరీక్ష బల్లపై పడుకోవాలంటే సిగ్గు, నొప్పి ఉంటుందన్న భయం, పరీక్ష చేసేది మగ డాక్టరేమోనన్న సందేహం, ఏమీ లేనిదానికి ఆసుపత్రి ఎందుకన్న ఇంట్లోవాళ్ల మాట... ఇవి నగరాల్లోనూ ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30-49 ఏళ్ల మహిళల్లో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నామని చెప్పింది 1.9 శాతం మందే. నగరం, పల్లె మధ్య తేడా పెద్దగా లేదు.

నమూనా సొంతంగా ఎలా తీసుకుంటారు?

కిట్‌లో ఒక మెత్తని బ్రష్ లేదా పొడవాటి దూది పుల్ల, ఒక చిన్న గొట్టం ఉంటాయి. మహిళ నిలబడి గానీ, గొంతుకు కూర్చుని గానీ, పడుకుని గానీ పుల్లను యోనిలోకి కొన్ని సెంటీమీటర్లు పంపి, కొద్దిసేపు మెల్లగా తిప్పి, బయటకు తీసి గొట్టంలో పెట్టి మూత బిగించాలి. గర్భాశయ ముఖద్వారం వరకు వెళ్లాల్సిన అవసరం లేదు. స్పెక్యులమ్ అక్కర్లేదు. రెండు మూడు నిమిషాల పని. నెలసరి రోజుల్లో తీయకపోవడం మంచిది.

ఆ నమూనాలో హెచ్‌పీవీ డీఎన్‌ఏ ఉందా అని ల్యాబ్‌లో చూస్తారు. ఇలా తీసిన నమూనా పాప్ స్మియర్‌కు పనికిరాదు. పాప్ స్మియర్‌కు ముఖద్వారం నుంచే కణాలు కావాలి.

డాక్టర్ తీసిన నమూనాతో ఇది సమానమేనా?

పీసీఆర్ పద్ధతిలో చేసే హెచ్‌పీవీ పరీక్షల్లో, మహిళ తీసుకున్న నమూనా డాక్టర్ తీసిన నమూనాకు దాదాపు సరితూగుతుందని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2021 మార్గదర్శకాల్లో హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్షకే మొదటి స్థానం ఇచ్చింది. నమూనాను మహిళే తీసుకోవచ్చని చెప్పింది. 30 ఏళ్ల నుంచి ఐదు నుంచి పదేళ్లకోసారి చేయించుకుంటే సరిపోతుందన్నది ఆ సూచన.

ఇది మన తెలుగు నేలకు కొత్త కూడా కాదు. హైదరాబాద్ శివారులోని మేడ్చల్ మండలం గ్రామాల్లో మహిళలు తామే తీసుకున్న నమూనాలను, క్లినిక్‌లో తీసిన నమూనాలతో పోల్చిన అధ్యయనం 2009లోనే అచ్చయింది.

హెచ్‌పీవీ పరీక్ష ప్రాణాలు కాపాడుతుందనడానికి బలమైన రుజువు మన పొరుగునే ఉంది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో 1.3 లక్షల మందికి పైగా గ్రామీణ మహిళలపై చేసిన పరిశోధనలో, జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష అందుబాటులోకి తెచ్చిన గ్రామాల్లో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఆ ఫలితాలు కూడా 2009లోనే వచ్చాయి.

కిట్ ఇంటికిస్తే మహిళలు నిజంగా వాడతారా?

అనంతగిరితో పోల్చదగ్గ చోటు అర్జెంటీనాలో ఉంది. ఆండీస్ కొండల్లోని హుహుయ్ రాష్ట్రంలో ఆదివాసీలు ఎక్కువ. మన ఆశాల్లాంటి ఆరోగ్య కార్యకర్తలు అక్కడ 2012లో మామూలు ఇంటి సందర్శనకు వెళ్లినప్పుడే మహిళలకు కిట్ ఇచ్చి చూశారు. కిట్ ఇచ్చిన వారిలో 86 శాతం మంది పరీక్ష చేయించుకున్నారు. ఆసుపత్రికి రమ్మని చెప్పి వదిలేసిన వారిలో 20 శాతమే.

ఇక్కడ గమనించాల్సింది కిట్‌ను చేతికిచ్చిన మనిషిని. పిల్లల టీకాలకు, జ్వరం మాత్రలకు ఇంటికొచ్చే తెలిసిన ఆడమనిషే ఎలా తీసుకోవాలో చెప్పింది. అనంతగిరిలోనూ ఆ పని ఆశాలే చేయగలరు. కొండ గూడేల్లో కొందరికి ఇంట్లో మాట తెలుగు కాదు. కువి, ఆదివాసీ ఒడియా వంటి భాషలు మాట్లాడేవారున్నారు. కాబట్టి కిట్‌లో అచ్చు కాగితం కన్నా బొమ్మల కార్డు, సొంత భాషలో నాలుగు మాటలు ఎక్కువ పనిచేస్తాయి.

నమూనా కొండ దిగాక ఏం జరగాలి?

అసలు పరీక్ష ఇప్పుడు వ్యవస్థకు మొదలవుతుంది.

మొదటిది, ల్యాబ్. నమూనా విశాఖ దాకా వెళ్లాలన్న నియమం లేదు. గోవాకు చెందిన మోల్‌బయో సంస్థ తయారుచేసిన ట్రూనాట్ యంత్రం బ్యాటరీతో నడుస్తుంది. క్షయ పరీక్షల కోసం దీన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో విస్తృతంగా వాడుతున్నారు. ప్రమాదకరమైన ఎనిమిది రకాల హెచ్‌పీవీని గుర్తించే చిప్‌లు అదే యంత్రానికి వచ్చాయి. క్షయకు వాడే యంత్రాన్నే దీనికీ వాడుకోవచ్చన్నమాట.

రెండోది, ఫలితం చెప్పడం. నగరంలో ఎస్సెమ్మెస్ చాలు. సిగ్నల్ అందని గూడెంలో, అదీ భర్త పేరు మీదున్న ఫోన్‌కు, 'హెచ్‌పీవీ పాజిటివ్' అని మెసేజ్ వెళితే ఏమవుతుందో ఊహించండి. ఈ వైరస్ ఎప్పుడో ఏళ్ల కిందట సోకి ఉండొచ్చు, భార్య నుంచా భర్త నుంచా అని చెప్పలేం, ఎవరి నడతకూ ఇది కొలమానం కాదు. ఈ మాట మనిషి ఎదురుగా, చాటుగా చెప్పాలి. ఎలాగూ కొండ దిగే వారపు సంత రోజున దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో ఇందుకు ఒక గది కేటాయిస్తే ఆమెకు వేరే ప్రయాణం తప్పుతుంది.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, చికిత్స. పాజిటివ్ అంటే క్యాన్సర్ అని కాదు. ఉస్మానాబాద్‌లో పరీక్ష చేయించుకున్న ప్రతి పది మందిలో సుమారు ఒకరికి పాజిటివ్ వచ్చింది. వారిలో చాలామందికి క్యాన్సర్ లేదు. కానీ పాజిటివ్ వచ్చిన ప్రతి మహిళనూ ఒకసారి నర్సో డాక్టరో స్వయంగా చూడాల్సిందే. కణాల్లో మార్పు ఉంటే థర్మల్ అబ్లేషన్‌తో ఆ భాగాన్ని వేడితో తొలగిస్తారు. చేతిలో పట్టే పరికరం, బ్యాటరీతో నడుస్తుంది, చికిత్స నిమిషాల్లో అయిపోతుంది. కొండలు, రోడ్లు లేని ఊళ్లు మనకన్నా ఎక్కువున్న పాపువా న్యూ గినియాలో మహిళ సొంతంగా తీసిన నమూనాను క్లినిక్‌లోనే పరీక్షించి, అవసరమైతే అదే రోజు ఈ చికిత్స చేసే పద్ధతిని అమలుచేసి చూశారు.

మార్పు పెద్దదైనా, క్యాన్సర్ అనుమానమున్నా పాడేరుకో, విశాఖకో పంపాలి. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, నగరంలో కేజీహెచ్ ఉన్నాయి. అర్హులకు ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ చికిత్స అందుతుంది. అయితే దారి ఖర్చు, తోడు వచ్చేవారి తిండి, పోయిన కూలి మాటా చూడాలి. కిట్లు పంచేముందే ఈ లెక్క వేసుకోకపోతే, పాజిటివ్ కాగితం పట్టుకుని గూడెంలోనే ఉండిపోయే మహిళలు తయారవుతారు. జబ్బుందేమోనన్న దిగులు తప్ప ఆ పరీక్ష వారికి ఇచ్చేదేమీ ఉండదు.

భద్రాచలం ఎందుకు గుర్తుంచుకోవాలి?

ఏజెన్సీలో హెచ్‌పీవీ పేరు ముందే ఒకసారి వినబడింది. 2009లో 'పాథ్' అనే సంస్థ అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం ప్రాంతంలో, 10-14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేసే ప్రాజెక్టు నడిపింది. వారిలో గిరిజన బాలికలు చాలామంది. కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణలో తేలింది. కానీ చాలాచోట్ల తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాలపై సంతకాలు చేశారని బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుబట్టింది.

స్వీయ పరీక్ష సిరంజి కాదు, మందు కాదు, ప్రయోగమూ కాదు. అయినా ఆ పాఠం ఇక్కడా వర్తిస్తుంది. ఎందుకు తీసుకుంటున్నారో, ఫలితం ఎవరికి తెలుస్తుందో, వద్దంటే ఏ పథకమూ ఆగదని మహిళకు తన భాషలో చెప్పాలి. ఆశాకు రోజుకిన్ని కిట్లని టార్గెట్ పెడితే ఆ మాటలు చెప్పే తీరిక ముందుగా పోతుంది.

నగరంలో ఉన్న మీరు ఏం చేయాలి?

- మీకు లేదా మీ ఇంట్లో మహిళలకు 30 ఏళ్లు దాటితే, చివరిసారి ఈ పరీక్ష ఎప్పుడు జరిగిందో అడగండి. 'ఎప్పుడూ లేదు' అయితే ఈ నెలలోనే చేయించండి. హెచ్‌ఐవీ ఉన్నవారు 25 ఏళ్ల నుంచే చేయించుకోవాలి.
- ప్రైవేటు ల్యాబ్ నుంచి ఇంటికి కిట్ తెప్పించుకుంటే మూడు ప్రశ్నలు అడగండి: ఇది హై-రిస్క్ హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్షేనా? సొంతంగా తీసిన నమూనాకు ఈ పరీక్షను ధ్రువీకరించారా? పాజిటివ్ వస్తే తర్వాత ఎవరు చూస్తారు?
- కలయిక తర్వాత రక్తస్రావం, నెలసరి మధ్యలో లేదా నెలసరి ఆగిపోయాక రక్తం కనిపించడం, దుర్వాసనతో తెల్లబట్ట ఉంటే కిట్ కోసం చూడకండి. నేరుగా గైనకాలజిస్టు దగ్గరకు వెళ్లండి.
- హెచ్‌పీవీ టీకా వేయించుకున్నా పరీక్ష మానకండి. టీకా అన్ని రకాలనూ ఆపదు.

2030 నాటికి 70 శాతం మహిళలకు 35 ఏళ్లలోపు ఒకసారి, 45 ఏళ్లలోపు మరోసారి మంచి పరీక్ష అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం పెట్టింది. జబ్బు కనిపించిన వారిలో 90 శాతం మందికి చికిత్స అందాలన్నదీ అందులో భాగమే. మొదటి అంకెను కిట్లు పెంచగలవు. రెండో అంకె పెరగాలంటే కొండ దిగే దారి, కొండెక్కే నర్సు కావాలి. అనంతగిరిలో ఎప్పుడైనా ఈ కార్యక్రమం మొదలైతే, ఎన్ని కిట్లు పంచారన్న లెక్కతో ఆగకండి. పాజిటివ్ వచ్చిన వారిలో ఎంతమందికి చికిత్స పూర్తయిందో అడగండి.