పలికెడివాడు ఎవడు? మాటను గూర్చిన అపోహలు – వాస్తవాలు

గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ వంటి విద్యాసంస్థలలో యంత్రమునకు భాష నేర్పు పరిశోధన ఏండ్ల తరబడి సాగుచుండగా, మనుష్యుని మాటయు నాడులు నడపు యంత్రధ్వనియే యనియు, కావున దైవవిశ్వాసమునకు తావు లేదనియు సైబరాబాదు విద్యావంతులలో కొందరు నిశ్చయించుకొనుచున్నారు. ఈ నిశ్చయమునకు మూలమైన అపోహలను పరిశీలింతము.

అపోహ: మాట భౌతికక్రియ; కావున అందు స్వేచ్ఛ లేదు.
వాస్తవం: ఊపిరి స్వరతంత్రులను సెకనుకు నూరుసార్లకు పైగా కంపింపజేయగా, నాలుకయు పెదవులును ఆ నాదమును అక్షరములుగా మలచును. మెదడు ముందుభాగము దెబ్బతిని పలుకు కోల్పోయిన రోగిని గూర్చి 1861లో వైద్యుడు పాల్ బ్రోకా వెల్లడించెను. అయినను సాధనము చెడిన పని చెడుననుట వేఱు, సాధనమే కర్త యనుట వేఱు. మాట పుట్టు క్రమమున శరీరాగ్నిని, వాయువును వరుసగా వర్ణించిన పాణినీయశిక్ష యను ఉచ్చారణశాస్త్రగ్రంథము వానికి ముందు చెప్పగోరు మనస్సును నిలిపినది. ఆ కోరికకును కారణములు కలవన్నచో, కారణము కలిగినంతమాత్రమున నా కోరిక నాది కాకపోదు.

అపోహ: సంకల్పమునకు ముందే మెదడు నిర్ణయించునని ప్రయోగము తేల్చినది.
వాస్తవం: 1983లో బెంజమిన్ లిబెట్ ప్రకటించిన ప్రయోగమున, కదలికకు సుమారు 550 మిల్లీసెకన్ల ముందే మెదడున విద్యుత్సంకేతము పొడసూపగా, సంకల్పము తెలిసినది సుమారు 200 మిల్లీసెకన్ల ముందు. కాని అందు పరీక్షింపబడినది ఊరక చేయి కదల్చుట; ఆలోచించి యిచ్చిన మాట కాదు. పైగా, చివరి క్షణమున ఆ కదలికను ఆపు శక్తి మనుష్యునకు కలదని లిబెటే తలచెను. నోటిదాక వచ్చిన పరుషవాక్యమును మ్రింగుకొన్న ప్రతివానికిని ఆ శక్తి అనుభవమే.

అపోహ: రాబోవు మాటను యంత్రము ఊహింపగలదు గనుక మనము నిర్బద్ధులము.
వాస్తవం: సత్యవంతుడు నిజమే చెప్పునని ముందుగానే చెప్పగలము, అది వాని శీలమే కాని సంకెల కాదు.

అపోహ: దైవమే పలికించునని నమ్మువాడు తన బాధ్యతను వదలుకొనును.
వాస్తవం: తనచే భాగవతమును రామభద్రుడే పలికించుచున్నాడని భావించిన పోతన, వేఱొక గాథ పలుకక దానినే పలుకుదునని తానే నిశ్చయించుకొనెను. చిలుకూరు బాలాజీ ఆలయమున 11 ప్రదక్షిణలు చేసి వీసా కోరిన యింజనీరు, కోరిక ఫలించిన పిమ్మట 108 చేయుటకు మరలివచ్చి, అంకెలు ముద్రించిన కాగితముపై చుట్టునకొక గడి కొట్టివేయుచు నడచును. ఇచ్చిన మాట తనదని యెఱుగనివాడు మొక్కు తీర్చుకొన రాడు.

నియతియా, స్వేచ్ఛయా యను తత్త్వవిచారణ నేటికిని ముగియలేదు. ప్రయోగశాల తీర్పు చెప్పినదను నెపమున, ఆడిన మాటకు బాధ్యత తప్పించుకొనుట విజ్ఞానమునకును విశ్వాసమునకును అపచారమే.