షేక్‌స్పియర్‌కి పైకప్పు అక్కర్లేదు

ఒక నేతగాడు, ఒక వడ్రంగి, ఒక దర్జీ, చిల్లులుపడ్డ పాత్రలకు మాట్లు వేసేవాడు, కొలిమితిత్తులు బాగుచేసేవాడు, బల్లలూ పెట్టెలూ చేసేవాడు. పగలంతా చేతిపనితో గడిపే ఈ ఆరుగురూ కలిసి దొరగారి పెళ్ళిలో నాటకం వేద్దామనుకుంటారు. ఊళ్ళో సాధన చేస్తే గుట్టు బయటపడుతుందని రాత్రిపూట అడవిలోకి పోతారు. షేక్‌స్పియర్ సుమారు 1595లో రాసిన 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' అనే హాస్యనాటకంలో సగం నవ్వు వీళ్ళదే. ఈ నాటకం ఇంగ్లీషు ఎమ్మేలో పాఠంగా చదివినవాళ్ళకన్నా, ఎమ్మిగనూరులో మగ్గం ముందు కూర్చుని పద్యనాటకం పాత్ర బట్టీపట్టినవాడికే బాగా ఎక్కుతుందని నా అనుమానం.

వాళ్ళకొచ్చిన చిక్కులు చూడండి. కథలో ప్రేమికులు వెన్నెల్లో కలుసుకోవాలి. ఆ రాత్రి వెన్నెల ఉంటుందా అని పంచాంగం తీసి చూస్తారు, ఉంటుందని తేలుతుంది. అయితే కిటికీ తెరిచిపెడితే చాలదా అంటాడొకడు. కాదు, ఒక మనిషి లాంతరు పట్టుకొచ్చి 'నేనే చంద్రుణ్ణి' అని నిలబడాలంటాడు ఇంకొకడు. ప్రేమికుల మధ్య గోడ ఉండాలి, గోడను మోసుకురాలేరు. సున్నమూ గచ్చూ పూసుకుని ఒక మనిషే గోడై నిలబడతాడు, వేళ్ళు ఎడంగా చాపితే అదే గోడలో కంత. తీరా ప్రదర్శన రోజున దొరల సభ వీళ్ళను చూసి పకపకా నవ్వుతుంది. షేక్‌స్పియర్ అక్కడ తన వృత్తిమీద తానే చెణుకు విసురుకున్నాడు. ఆయన రంగస్థలం మీద కూడా చంద్రుడూ అడవీ ఉండేవి కావు. పాత్ర నోట్లోంచే అవి పుట్టాలి.

ఆరుబయట షేక్‌స్పియర్ వేయడం అంటే అదేదో కొత్త ప్రయోగం అని చాలామంది అనుకుంటారు గనక, ఆయన నాటకాలు ఆ కాలంలో ఎలాంటిచోట ఆడాయో కాస్త నిదానంగా చూడాలి. 1599లో లండన్‌లో థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున గ్లోబ్ అనే చెక్క నాటకశాల కట్టారు. గుండ్రంగా మూడు అంతస్తుల వసారాలు, నడిమధ్య ఆకాశం కనిపించే ఖాళీ జాగా. ఒక పెన్నీ ఇస్తే ఆ ఖాళీలో నిలబడి చూడొచ్చు. అన్ని తరగతులూ కలిపి మూడువేలమంది దాకా పట్టేవారని అంచనా. ఆట మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో మొదలయ్యేది, ఎండే దీపం. ముందు తెర లేదు. జనం మూడువైపులా ఉండేవాళ్ళు, శనక్కాయలకు బదులు హేజల్ గింజలు నమిలేవాళ్ళు, నచ్చకపోతే అరిచేవాళ్ళు. పట్టపగలు అర్ధరాత్రి సన్నివేశం రావాలంటే నటుడు కాగడా పట్టుకొస్తే సరిపోయేది, చీకటి సంగతి సంభాషణ చెప్పేది. ఆడవేషాలు మగపిల్లలు వేసేవాళ్ళు. 1613లో ఆట మధ్యలో పేల్చిన ఫిరంగి నిప్పురవ్వ గడ్డికప్పుమీద పడి గ్లోబ్ కాలిపోయింది. అదే పేరుతో పాత చోటుకు దగ్గర్లో మళ్ళీ కట్టినది 1997లో తెరిచారు. అక్కడ ఇప్పటికీ నిలబడి చూసేవాళ్ళమీద వాన పడుతుంది, గొడుగు తెరవనివ్వరు.

ఆదోని, ఆలూరు వైపు బయలాట చూసినవాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు. ఆ తాలూకాలు 1953 దాకా బళ్ళారి జిల్లాలోవి. ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరుకు పోయింది, ఇవి కర్నూలులో కలిశాయి. అందుకే అక్కడి ఆటలో తెలుగూ కన్నడమూ పక్కపక్కనే వినిపిస్తాయి. ఊరి బయట చదును చేసిన జాగా, మెరకగా కట్టిన తావు, వెనక ఒక గుడ్డ, పక్కన మద్దెల, తాళాలు. వీధినాటకంలో పాత్ర వస్తే ఇద్దరు తెర పట్టుకుంటారు, దరువు పాడుతూ పాత్ర తన పేరూ ఊరూ పౌరుషమూ తానే చెప్పుకుంటుంది. రాజ్యం, అడవి, యుద్ధభూమి అన్నీ ఆ నాలుగు గజాల్లోనే. రావణుడు ముగించి పక్కకు తప్పుకుంటే లంక మాయమవుతుంది. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క పెద్ద కథకు అడ్డంపడి బూతూ వేదాంతమూ కలిపి మాట్లాడినట్టే షేక్‌స్పియర్ విదూషకులూ మాట్లాడతారు. రాజులకు ఛందస్సు, పనివాళ్ళకు వచనం ఆయన ఎక్కువగా పాటించిన పద్ధతి. పద్యనాటకం ఊరికి దీన్ని విప్పి చెప్పనక్కర్లేదు.

మరి మనకు షేక్‌స్పియర్ హాల్లోపలే ఎందుకు దొరికాడు? తెలుగులో ఆయన మొదట పుస్తకంగా వచ్చాడు. వావిలాల వాసుదేవశాస్త్రి 'జూలియస్ సీజర్'ను 1870లలోనే తెలుగుచేశాడు. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'ను 'చమత్కార రత్నావళి'గా మార్చి విద్యార్థులచేత ఆడించాడు, ధార్వాడ నాటకసమాజం ఆడి వెళ్ళిపోయాక మిగిలిన పాకలో. ఆ తరవాత సీమవైపు బళ్ళారి ముందుకొచ్చింది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభ పెట్టి, విషాదంతో ముగిసే నాటకం మన సంప్రదాయానికి పనికిరాదన్న కట్టుబాటును 'విషాద సారంగధర'తో తెంచాడు. ఆ తెగింపు వెనక షేక్‌స్పియర్ చదువు స్పష్టంగా ఉంది. కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ నడిపాడు. ధర్మవరంవారి మేనల్లుడు బళ్ళారి రాఘవ 1880లో తాడిపత్రిలో పుట్టాడు, వకీలు. బళ్ళారిలో షేక్‌స్పియర్ క్లబ్బు పెట్టి ఆ నాటకాలు ఇంగ్లీషులోనే ఆడాడు. స్త్రీపాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టినవాళ్ళలో ఆయన ముందువరసవాడు.

రాఘవ నటన గొప్పదే, ఆ సంగతిలో పేచీ లేదు. కానీ ఇంగ్లీషు ఒథెల్లోను చూసి ఆనందించినవాళ్ళు వకీళ్ళూ, పంతుళ్ళూ, కచేరీ ఉద్యోగులూ. రాయదుర్గం రైతుకు ఆ నాటకం అందలేదు. అతనికి అందింది షేక్‌స్పియర్ పేరు లేని షేక్‌స్పియర్. 1949లో వచ్చిన 'గుణసుందరి కథ' చూడండి. ముగ్గురు కూతుళ్ళు, తండ్రిమీద ప్రేమ ఎంతో చెప్పమని పరీక్ష, పొగడలేని చిన్నదానిమీద తండ్రి ఆగ్రహం. ఇది 'కింగ్ లియర్' మొదటి అంకమే. దర్శకుడు కె.వి. రెడ్డి తాడిపత్రివాడు. తీసిన వాహినీ సంస్థ వెనక ఉన్న బి.ఎన్. రెడ్డిది కడప జిల్లా పులివెందుల తాలూకా. లియర్ కథను సీమవాళ్ళు ఇంగ్లండు చలినుంచి తప్పించి మహిమగల రత్నాల మధ్యకు తెచ్చి, చివర సుఖాంతం చేసి పంపించారు. జనం ఎగబడి చూశారు.

ఇక సంఘంగా కలిసి ఆడడమన్నది కడప జిల్లాకు ఎవరూ నేర్పాల్సిన పని కాదు. 1885లో సురభి గ్రామంలో వనారస గోవిందరావు కుటుంబం 'కీచకవధ' ఆడింది, అది కూడా ఒక పెళ్ళి సందర్భమే. వాళ్ళు మరాఠీ మూలాల తోలుబొమ్మల కళాకారులు. బొమ్మలు ఆడించిన చేతులు తామే వేషం కట్టి బయటికొచ్చాయి. ఆ ఒక్క కుటుంబం పెరిగి, చీలి, సురభి పేరుతో ఎన్నో సమాజాలై డేరాలు మోసుకుంటూ తెలుగుదేశమంతా తిరిగింది. ఆడవాళ్ళు ఆడవేషం వేసిన తొలి తెలుగు బృందాల్లో సురభి ఒకటి. పిల్లలు ఉయ్యాలలోంచే రంగస్థలం మీదికి రావడం అక్కడ మామూలు.

కాబట్టి కర్నూలులోనో ప్రొద్దుటూరులోనో పదిమంది ఔత్సాహికులు షేక్‌స్పియర్‌ను ఆరుబయట వేద్దామని కూర్చుంటే, లండన్‌ను చూసి వేయనక్కర్లేదు. పక్క ఊరి పద్యనాటకం మాస్టారిని పిలిస్తే పని మొదలవుతుంది. ఏ నాటకం అంటే నేను నేతగాడి నాటకమే అంటాను. కర్నూలు, కడప పేర్లు వినగానే 'రోమియో అండ్ జూలియట్'లో రెండు వర్గాల చేతికి వేటకొడవళ్ళు ఇవ్వాలని ఎవరికైనా తోస్తుంది. ఆ పని సినిమాలు కావలసినదానికన్నా ఎక్కువే చేశాయి. పైగా 'మిడ్‌సమ్మర్'లో దొరా దొరసానీ వేసినవాళ్ళే అడవిలో యక్షరాజూ రాణీ వేషాలు వేయొచ్చు. 1970లో పీటర్ బ్రూక్ అలా చేయించాక అది అందరికీ అలవాటైపోయింది. మనుషులు తక్కువున్న బృందానికి అది పెద్ద సాయం.

ఆరుబయట అన్నిటికన్నా కష్టమైనది మాట వినపడడం. ఎండవేళ నేల కాగి దాన్ని ఆనుకున్న గాలి వేడెక్కుతుంది, పైన చల్లగా ఉంటుంది. వేడిగాలిలో శబ్దం వేగంగా, చల్లగాలిలో నెమ్మదిగా పోతుంది గనక నటుడి మాట పైకి వంగి జనం నెత్తిమీదుగా పోతుంది. రాత్రి ఇది తలకిందులవుతుంది. మబ్బులేని పొడినేలలో భూమి త్వరగా చల్లారుతుంది, పైగాలి ఇంకా వెచ్చగా ఉంటుంది, శబ్దం కిందికి వంగి వెనకవరసకు చేరుతుంది. మైకులు లేని రోజుల్లో రెండు ఊళ్ళ అవతలికి హరిశ్చంద్రుడి పద్యం వినపడిందని ముసలివాళ్ళు చెప్పేదాంట్లో గొప్పలు కొన్ని ఉంటే ఉండొచ్చు గానీ, దాని వెనక ఈ కారణమూ ఉంది. హార్మోనియం హెచ్చుశ్రుతిలో పెట్టుకోవడమూ గొంతు దూరం పోవాలనే. గాలి నటుల వీపుమీదుగా జనంవైపు వీచేట్టు తావు ఎంచుకోవాలి. ఎదురుగాలికి గొంతు పోతుంది, మైకు గరగరలాడుతుంది.

కాలం కూడా చూసుకోవాలి. కర్నూలు, కడప జిల్లాల్లో ఏడాదికి ఆరేడువందల మిల్లీమీటర్లే వాన, అదీ ఎక్కువభాగం జూన్ నుంచి నవంబరు లోపలే. సంక్రాంతి దాటి శివరాత్రి దాకా రాత్రులు పొడిగా, చల్లగా ఉంటాయి, కోతలూ చాలావరకు అయిపోతాయి. ఏప్రిల్, మేలో పగలు నలభై డిగ్రీలు దాటే ఎండకు కడప బండలు పరిచిన తావు పొద్దుగూకాక కూడా కాళ్ళు కాలుస్తుంది. నంద్యాల, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడిలో గుంజలు పాతడం ఇంకో తంటా. ఎండాకాలం నేల నోళ్ళు తెరుస్తుంది, తడిస్తే జారుతుంది. గుళ్ళముందు రాతిమెరకలూ, ఇస్కూలు ఆవరణలూ దానికన్నా నయం.

అనువాదం సంగతి క్లుప్తంగా చెబుతాను. దొరకు పద్యం ఇవ్వండి, యక్షులకు పాట ఇవ్వండి, నేతగాడికి మీ వీధి మాట ఇవ్వండి. ప్రతి డైలాగుకూ పద్యం కడితే రాగం సాగుతుంది, కథ ఆగుతుంది. దానిమీద 'వన్స్ మోర్' పడితే తెల్లారుతుంది.

తెల్లారేదాకా ఆడే వీలు ఇప్పుడు లేదు కూడా. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ స్థలాల్లో మైకులు, వాద్యాలు వాడకూడదు. పండుగలు, సాంస్కృతిక సందర్భాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు. మొత్తం ఆడితే ఈ నాటకం రెండున్నర గంటలు పడుతుంది, పద్యాలూ పాటలూ కలిస్తే ఇంకా సాగుతుంది. పొద్దుగూకగానే మొదలుపెట్టి, అడవిలో నలుగురు ప్రేమికుల తగవును సగానికి కోసుకుంటే టీ విరామంతో సహా 10లోపు ముగుస్తుంది. కోయడానికి మనసొప్పనివాళ్ళు, ఆ 15 రోజుల్లో తమ ఊరి తిరునాళ్ళ రోజు ఉందేమో ముందే కనుక్కుని, ఆ రాత్రికే ఆట ఒప్పుకోవాలి.